ఐస్‌క్రీమ్ కరగని దూరం

నెత్తళ్ళు తిరగేస్తున్నాం. పెద్దమ్మ ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి. ఇసుక మీద పరిచిన చేప ఒకవైపు ఎండ తిన్నాక రెండోవైపు కూడా తినాలి. లేకపోతే పొట్ట పచ్చిగా ఉండిపోయి పురుగు పడుతుంది. పెద్ద చేపలైతే ఒక్కొక్కటీ తిప్పవచ్చు. నెత్తళ్ళు వేలెడంత కూడా ఉండవు కాబట్టి ఈనెల చీపురుతో ఇసుక మీదే మెల్లగా పొర్లించాలి. అప్పుడే కాకులు దిగుతాయి. వాటిని తోలడం నా పని, తిట్టడం పెద్దమ్మ పని.

"ఓసి దొంగమొకాల్లారా, నిన్న తిన్నది అప్పుడే అరిగీసిందేటి?" అని ఆమె వాటిని పలకరిస్తూ ఉండగా ఊళ్ళోంచి ఒకాయన నడిచి రావడం కనిపించింది.

మంచి ఎండ. నెత్తిన గొడుగు లేదు. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. కుడిచెయ్యి ముందుకు చాపి, అందులో ఉన్నదాన్నే చూస్తూ, గాలికి ఆరిపోతుందేమోనని దీపం తెచ్చేవాడిలా వస్తున్నాడు. దగ్గరికొచ్చాక చూస్తే ఆ చేతిలో ఖాళీ కోన్ ఉంది. మోచేతి దాకా తెల్లగా కారి ఎండిపోయింది. చీమలు కూడా ఉన్నాయి.

"అయ్యో, సెయ్యి కడుక్కో బాబూ," అంది పెద్దమ్మ సముద్రాన్ని చూపించి.

"వద్దమ్మా. ఇది సాక్ష్యం," అన్నాడాయన.

ఆయన పేరు భానోజీరావు. ఇంజనీరు. ఐస్‌క్రీమ్ కరిగించడానికి ప్రభుత్వం ఆయనను మా ఊరికి పంపింది.

మా గవ్వలపేటకు ఓడరేవు వచ్చి చాలా కాలమైంది. ఓడ మాత్రం రాలేదు. ఏరు సముద్రంలో కలిసేచోట, నల్లరాయీ బురదా ఉన్నచోట రేవు కట్టి, రంగులు వేసి, ఓడలకు స్వాగతం చెబుతూ సముద్రంవైపు ఒక బోర్డు పెట్టారు. బోర్డు తెలుగులో ఉంది గనక ఓడలు చదవలేకపోయాయేమోనని తర్వాత ఇంగ్లీషులో కూడా రాయించారు. అప్పటికీ రాలేదు.

ఎందుకు రాలేదో కనిపెట్టడానికి రాజధానిలో ఒక సంస్థను స్థాపించారు. దాని పేరు నౌకావిహార తీర సామీప్య సంస్థ. సంస్థ పెద్దలు పరదేశాలు వెళ్ళి, విహారనౌకలెక్కి, తిని, పడుకుని, ఎంతో శ్రమపడి కారణం కనిపెట్టారు. ఓడలో షికారుకు పోదలచినవాళ్ళు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఓడను ఎంచుకుంటారట. పిల్లను చూడబోయేవాళ్ళు ఎత్తూ రంగూ చదువూ అన్నీ అడుగుతారు గాని, వీళ్ళు అడిగేది ఒక్కటేనట: ఈ ఓడ ఆగే రేవులకు బీచ్ దగ్గరేనా? దగ్గరైతే ఆ ఓడ ఎక్కుతారు, దూరమైతే పక్క ఓడ చూసుకుంటారు. మా రేవు నుంచి మా ఒడ్డుకు పోవాలంటే ఊరంతా దాటాలి. కాబట్టి ప్రపంచంలో మమ్మల్ని ఎవరూ ఎంచుకోవడం లేదు.

భానోజీరావు గారి మొదటి నడక అయ్యాక, ఈ సంగతి చెప్పడానికి సంస్థ డైరెక్టర్ పరాంకుశం గారు స్వయంగా వచ్చి బడిలో సభ పెట్టారు. పంచాయతీ కార్యదర్శి పక్క ఊళ్ళో ఇలాంటిదే ఇంకో సభలో ఉన్నాడు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఎవరో చెప్పడంతో సభలో జరిగినది రాయమని నన్ను కూర్చోబెట్టారు. నేను మాట్లాడను, రాస్తాను. అటువంటివాళ్ళు సభలకు చాలా అవసరమని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు.

"ఓడ దిగిన యాత్రికుడికి తక్షణ తీర సంసర్గం కల్పించడం మన పరమ లక్ష్యం," అన్నారాయన. "యాత్రికుడు చాలా సున్నితమైన ఆర్థిక ప్రాణి. అతడి ఆనందానికి, ఇసుకకు మధ్య ఊళ్ళు అడ్డం రాకూడదు."

ఎర్రన్న బాబాయి లేచాడు. మా పక్కింటి ఆయనే. ఆయన బోటు తెచ్చిన చేపే మా పెద్దమ్మ ఎండబెడుతుంది.

"బాబూ, నాకో అనుమానం. ఆళ్ళు ఎన్నాళ్ళు ఉంటారు ఓడలో?"

"వారం. ఒక్కోసారి పది రోజులు."

"అన్నాళ్ళూ సుట్టూ సంద్రమే గదా?"

"అవును."

"మరి దిగీసి మళ్ళీ సంద్రం సూడ్డానికే ఎల్తారేటి?"

"దాన్నే విహారం అంటారు."

"మేం దిగితే సంద్రం కేసి సూడబుద్ధి కాదు బాబూ. కల్లుపాక కేసి సూస్తాం."

అందరూ నవ్వారు. డైరెక్టర్ గారు నావైపు తిరిగి, "ఇది రాయకమ్మా," అన్నారు. అప్పటికే రాసేశాను. కొట్టేశాను.

దూరాన్ని మీటర్లలో కొలవడం పాతకాలపు పద్ధతి అని ఆయన వివరించారు. యాత్రికుడు మీటర్లలో నడవడు, ఆనందంలో నడుస్తాడు. అందుకని సంస్థ ఒక కొత్త కొలమానం తయారుచేసింది. రేవులో కొన్న ఐస్‌క్రీమ్ పూర్తిగా కరిగిపోయేలోగా యాత్రికుడి కాలు ఇసుక మీద పడాలి. పడితే బీచ్ దగ్గర. పడకపోతే దూరం. దీన్ని ఐస్‌క్రీమ్ ప్రమాణం అంటారు.

భానోజీరావు గారు రోజూ ఎండవేళకు రేవులో బయలుదేరేవాడు. దారిలో కోన్‌ను నాకకూడదు. గొడుగు పట్టకూడదు. పరుగెత్తకూడదు, యాత్రికుడు పరుగెత్తడు గనక. ఆయనకు చక్కెర జబ్బు ఉంది కాబట్టే ఈ పనికి ఎంపిక చేశారని, ఆశపడే అవకాశం లేదని డైరెక్టర్ గారు సభలో ప్రకటించారు. భానోజీరావు గారు తల దించుకున్నాడు.

"ఓడలొచ్చేది సలికాలం గదా బాబూ," అన్నాడు ఎర్రన్న బాబాయి ఒకరోజు. "అప్పుడు ఎంతదూరం నడిసినా కరగదు గదా?"

"పరీక్ష వేసవిలో చెయ్యాలని మార్గదర్శకాల్లో ఉంది."

"మరి ఓడల్నే ఎండల్లో రమ్మంటే?"

"ఎండల్లో ఎవరొస్తారయ్యా, ఐస్‌క్రీమ్ కరిగిపోతుంటే!"

ఎర్రన్న బాబాయి తువ్వాలు దులిపి నెత్తిన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎన్నిసార్లు నడిచినా కోన్‌లోని ఆఖరి చుక్క మా గుమ్మం ముందే పడుతోంది. అంటే ఊరి మధ్యన, రేవుకూ ఒడ్డుకూ సగం దారిలో. అక్కడ ఒక రాయి పాతి, తెల్లసున్నం కొట్టి, 'ద్రవీభవన స్థానం' అని ఎర్రరంగుతో రాశారు. మా ఊళ్ళో పాతిన రాయిని ఎవరూ ఊరికే వదలరు. మర్నాటికల్లా దానికి పసుపు పూసి ఉంది. ఆ వారమే ఎవరో కోడిపుంజును మొక్కుకున్నారు. అప్పటినుంచి భానోజీరావు గారు కొలత తీసుకునే ముందు చెప్పులు విప్పవలసి వచ్చేది.

"ఏటే అమ్మీ, ఆ రాత?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

చదివి చెప్పాను. అర్థం కూడా చెప్పాను.

"కరిగిపోయేదానికి రాయెందుకే?" అంది. తట్ట దించుకునేటప్పుడు ఆనుకోవడానికి బాగుందని ఆమె ఆ రాయిని వాడుకునేది.

రెండో సభలో నిర్ణయం జరిగింది. దారులు రెండే ఉన్నాయని డైరెక్టర్ గారు చెప్పారు. రేవును బీచ్ దగ్గరికి జరపడం ఒకటి, బీచ్‌ను రేవు దగ్గరికి జరపడం రెండోది.

"రేవును జరపలేం. దానికి శంకుస్థాపన జరిగింది, ప్రారంభోత్సవం జరిగింది, శిలాఫలకం ఉంది. బీచ్‌కు ఇవేవీ లేవు. ఎవరూ శంకుస్థాపన చెయ్యని, ఎవరూ ప్రారంభించని వస్తువు చట్టం దృష్టిలో కదిలించదగిన ఆస్తి."

బీచ్ కదిలించదగినదని బెంచీల మీద ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. సభలో ఆమె మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"బాబూ, నాను దాలమ్మని. ఆ ఇసక మీద మా సేపలు ఎండుతాయి. మా అత్త ఎండెట్టింది, నాను ఎండెడతన్నాను. ఇసక ఎత్తీస్తే మేం ఏటి మీద ఎండెట్టుకోవాల?"

డైరెక్టర్ గారు ఎంతో ఆదరంగా నవ్వారు. "అమ్మా, మీకు ఏ నష్టమూ లేదు. మేం తీసుకెళ్ళేది ఇసుక మాత్రమే. ఎండ ఇక్కడే ఉంటుంది. చేప ఎండడానికి కావలసింది ఎండే కదా?"

చప్పట్లు కొట్టారు. ఎండ ఇక్కడే ఉంటుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు నేను రాసుకున్నాను.

నెత్తళ్ళకు ఇసుక ఎందుకో తెలియనివాళ్ళకు చెప్పాలి. పైన ఎండ తాగుతుంటే కింద ఇసుక తాగుతుంది. అప్పుడే చేప నిటారుగా, వెండి రంగు పోకుండా ఎండుతుంది. సిమెంటు మీద పోస్తే పైన మాడి కింద అంటుకుంటుంది. మట్టిలో పోస్తే మట్టే అవుతుంది. గురువారం సంతలో మా పెద్దమ్మ తట్ట దించితే బేరం ఉండదు. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఒక నెత్తల్ని తీసుకుని విరుస్తారు, టక్కుమంటుంది, చాలు. "దాలమ్మ నెత్తళ్ళు" అంటారు. ఆమెకు ఉన్న ఆస్తీ పేరూ అదే. నన్ను పెంచింది, బడికి పంపింది దానితోనే.

లారీలు వచ్చాయి. పొద్దున్న మొదలుపెట్టి పొద్దుగూకేదాకా మా ఒడ్డును ఎత్తి రేవు పక్కన పోశాయి. తవ్విన చోట నల్లటి ఒండ్రుమట్టి బయటపడింది. దాని మీద ఒక బోర్డు నాటారు: 'ఈ స్థలం బీచ్ కాదు. బీచ్‌కు దారి' అని, కింద రేవు వైపు ఒక బాణం. ఇకమీదట ఆ చోటును 'పూర్వపు తీరం' అనాలని మాకు చెప్పారు. రెండు బీచ్‌లుంటే ఏది దగ్గరో ఏది దూరమో తేలక యాత్రికుడు ఇబ్బంది పడతాడట.

వానలకు సముద్రం పూర్వపు తీరం దాటి సరుగుడు తోపులోకి వచ్చింది. ఆపడానికి అక్కడ ఇసుక లేదు. ఎర్రన్న బాబాయి తన బోటును సరుగుడు చెట్టుకు కట్టుకున్నాడు. ఫిర్యాదు చేస్తే, సముద్రం సంస్థ పరిధిలోకి రాదనీ, పైగా అది కూడా సామీప్యం వైపే కదులుతోంది కాబట్టి మంచి పరిణామమనీ జవాబు వచ్చింది.

పెద్దమ్మ బడి వరండాలో ఎండబెట్టింది. మేష్టారు ముక్కు మూసుకుని దండం పెట్టాడు. మా రేకుల మీద పోసింది. చేపలు వేగిపోయాయి. రోడ్డు మీద పట్టా పరిచింది. మా ఇసుకనే మోసుకుపోతున్న లారీ వాటి మీదుగా వెళ్ళిపోయింది. చివరికి ఏదోలా ఎండినవాటిని గురువారం సంతకు తీసుకెళ్ళాం. కొనడానికొచ్చినావిడ ఒకటి తీసి విరిచింది. విరగలేదు, వంగింది. దాన్ని తట్టలో పెట్టేసి పక్క తట్ట దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం కోళ్ళ దాణా వ్యాపారి వచ్చి, "దాణాకైతే ఎత్తుతాను," అన్నాడు. పెద్దమ్మ తట్ట నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటి దగ్గర తట్ట దించి ఆకాశం కేసి చూసింది.

"కాకులేవే?"

అప్పటిదాకా నేనూ గమనించలేదు. కాకులు లేవు. ఊళ్ళో ఒక్క కాకి కూడా లేదు.

రేవు పక్కన కొత్త బీచ్‌ను ఘనంగా ప్రారంభించారు. డైరెక్టర్ గారు ఈసారి జాగ్రత్తపడి శంకుస్థాపన కూడా చేశారు, రేపు ఎవరూ ఎత్తుకుపోకుండా. రంగు గొడుగులు, వాలుకుర్చీలు పెట్టారు. అంతా బాగుంది గాని మనుషులు లేరు. ఖాళీ బీచ్‌ను చూసి యాత్రికుడు భయపడతాడని కన్సల్టెంట్లు చెప్పారట. దాంతో మా ఊళ్ళోవాళ్ళను 'స్థానిక విహారులు'గా నియమించారు. ఎర్రన్న బాబాయికి గడ్డిటోపీ, పువ్వుల చొక్కా ఇచ్చి ఒక గొడుగు కింద పడుకోబెట్టారు. వల ముట్టుకోకూడదు. చుట్ట కాల్చకూడదు. నీళ్ళలోకి దిగకూడదు, ప్రమాదం.

"ఏటి బాబాయ్, ఎలగుంది?" అని అడిగాను.

"సంద్రం పక్కనే పడుకోబెట్టి సంద్రంలోకి దిగొద్దంటే ఎలగుంటాదే గుంటా? పెళ్ళాం పుట్టింటికెళ్ళిన ఇల్లు లాగుంది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడ మాత్రం నిద్దరొస్తంది. మన ఒడ్డు వాసనే," అన్నాడు.

ఆ మాట నిజమే. కొత్త బీచ్ మీద నిలబడితే కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసిపోతుంది. అత్తల కాలం నుంచి నెత్తళ్ళ నీరు తాగిన ఇసుక అది. ఎండ ఎక్కేకొద్దీ తాగినదంతా కక్కుతోంది. మా కాకులన్నీ అక్కడే ఉన్నాయి. వాలుకుర్చీల వీపుల మీద వరసగా కూర్చుని, ఇసుకలో ఇప్పుడో ఇంకాసేపటికో నెత్తళ్ళు మొలుస్తాయన్నట్టు చూస్తున్నాయి. కుక్కలు కూడా వచ్చేశాయి. వాటికి ఎవరూ బాణం గుర్తు చూపించలేదు.

మొదటి ఓడ వచ్చింది. ఊరంతా రేవులో నిలబడ్డాం. అంత పెద్ద ఓడను మేమెవరమూ చూడలేదు, వరసగా పేర్చిన పెళ్ళిమండపాల్లా ఉంది. భానోజీరావు గారు ఒక పళ్ళెంలో కోన్‌లు పట్టుకుని మెట్ల కింద సిద్ధంగా ఉన్నాడు. సన్నాయి మోగింది.

ఎవరూ దిగలేదు.

పైన అంతస్తుల్లో కుర్చీలు వేసుకుని, కాళ్ళు చాపి, బీచ్‌ను చూశారు. ఫోటోలు తీసుకున్నారు. బీచ్ ఎంత దగ్గరగా ఉందంటే, దిగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. కొందరు ఎర్రన్న బాబాయికి చెయ్యి ఊపారు. ఆయన టోపీ తీసి ఊపాడు. మధ్యాహ్నానికి ఓడ కూత వేసి వెళ్ళిపోయింది. పళ్ళెంలో కోన్‌లన్నీ ఒక్కటైపోయాయి.

సంస్థ అత్యవసర సభ జరిపింది. సామీప్యంలో లక్ష్యాన్ని మించిన విజయం సాధించామని ముందు తీర్మానం చేశారు. అది రాశాను. యాత్రికులు దిగకపోవడానికి కారణం దూరం కాదు కాబట్టి, మరొకటేదో అయి ఉండాలి. ఓడ మూడో అంతస్తులో ఒకావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం డైరెక్టర్ గారు కళ్ళారా చూశారు.

"వాసన," అన్నారాయన. "ఎక్కడినుంచి?"

కనిపెట్టే పని భానోజీరావు గారికే పడింది. ముక్కు ఎత్తి, కళ్ళు సగం మూసి, ఊళ్ళో ప్రతి వీధీ తిరిగాడు. మా ఇంటికి వచ్చాడు. మా తట్టలు వాసన చూశాడు. అవి ఖాళీగా ఉండి చాలా రోజులైంది. నేను ఆయన వెనకే నడిచాను, రాయాలి గనక. తిరిగి తిరిగి చివరికి రేవు పక్కకు చేరాడు. బీచ్ నడిమధ్య మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పెడు ఇసుక తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక కాకి ఆయన చెప్పు పక్కన వాలి, తనతోపాటు ఆయన కూడా ఆశగా ఉన్నాడనుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

"సార్," అన్నాడు డైరెక్టర్ గారితో. "ఇది... ఈ ఇసుకే సార్."

"భానోజీ!" డైరెక్టర్ గారి గొంతు మెత్తగానే ఉంది. "ఇది ప్రారంభోత్సవం జరిగిన ఇసుక. ప్రభుత్వ ఇసుకకు వాసన ఉండదు."

"చిత్తం సార్."

"మరి వాసన ఎక్కడిది?"

భానోజీరావు గారు గుప్పిట విప్పి ఇసుక జారవిడిచాడు. నావైపు చూడలేదు. "ఊళ్ళోది సార్."

"ఊళ్ళో ఎవరిది?"

"ఎండు చేపలు పెట్టేవాళ్ళది సార్."

నేను పెన్ను ఎత్తి పట్టుకుని ఆగాను. డైరెక్టర్ గారు నన్ను చూసి, "రాయమ్మా, ఆగావేం?" అన్నారు.

ఉత్తర్వు వచ్చింది. ఓడ ఉండే రోజున గవ్వలపేటలో చేప అనేది, పచ్చిదైనా ఎండుదైనా, గడప దాటకూడదు. ఎండ తగలకూడదు. గాలి తగలకూడదు. పూర్వపు తీరంలో సైతం. ఇంట్లో ఉన్న చేపను మూతపెట్టి ఉంచాలి. వారానికి ఒక ఓడ వస్తుందని, అది గురువారానికి ముందురోజని కూడా అందులో ఉంది. చదివి వినిపిస్తుంటే పెద్దమ్మ వింటూ కూర్చుంది. సంతకు ముందురోజు చేప ఎండకపోతే సంతకు ఏమీ ఉండదు. అది నేను చెప్పనక్కర్లేదు, ఆమె అడగనక్కర్లేదు.

రెండో ఓడ రావలసిన రోజు తెల్లారుతుండగా ఎర్రన్న బాబాయి మా తలుపు కొట్టాడు. పువ్వుల చొక్కా వేసుకోలేదు. వానాకాలం నుంచి చేప లేదు. ఆ తెల్లవారుజామున మాత్రం నెత్తళ్ళు గుంపులుగా వచ్చి వలలో పడ్డాయి.

"దాలమ్మొదినా, ఇంత సేప సూసి ఎన్నాళ్ళయింది! మిలమిలలాడిపోతంది. కానీ ఏటి సేస్తాం ఈయేళ?" అన్నాడు.

రెండు తట్టల నిండా చేప మా నడవలో దించి వెళ్ళిపోయాడు. వెండి పోసినట్టుంది. ఆ ఎండ కూడా అలాంటిదే కాసింది. మబ్బు లేదు, తేమ లేదు, గాలి పడమటిది. ఇసుక మీద పోస్తే పొద్దుగూకేలోగా విరిస్తే టక్కుమనే ఎండ. పెద్దమ్మ తట్టల పక్కన కూర్చుని ఒకసారి చేపను, ఒకసారి వాకిట్లో ఎండను చూస్తోంది. ప్రభుత్వం హామీ ఇచ్చిన ఎండ అది.

కాసేపటికి మా ఇంటి ముందు కారు ఆగింది. డైరెక్టర్ గారు స్వయంగా దిగారు. చేప పట్టారన్న కబురు ఎవరో అందించినట్టున్నారు. వెనక భానోజీరావు గారు ఉన్నాడు. డైరెక్టర్ గారి చేతిలో ఒక కోన్ ఉంది.

"అమ్మా, దాలమ్మా! మీకోసమే," అన్నారు గుమ్మం ముందు నిలబడి. "ఓడ వచ్చే శుభ సందర్భంలో తీరవాసులకు సంస్థ తరఫున సౌహార్ద సూచన. తీసుకోండి."

పెద్దమ్మ దాన్ని చూసింది. తీసుకోలేదు. నాకు సైగ చేస్తే నేను వెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో కోన్ పట్టుకుని ఆయన మాట్లాడసాగారు.

"మీ బాధ నాకు అర్థం కాదనుకోకండి. నేను కూడా చేప తినేవాణ్ణే. కానీ ఒక్క తట్ట చేప పెద్దదా, ఒక ప్రాంత ప్రగతి పెద్దదా? ఇవాళ యాత్రికులు దిగాలి. దిగితే మన ఊరు ప్రపంచం ఎంచుకునే ఊరవుతుంది. మీరు చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండటమే. మూత పెట్టి, తలుపేసుకుని, సాయంత్రం దాకా..."

"సాయంత్రానికి కుళ్ళిపోతాయి సార్," అన్నాడు భానోజీరావు గారు. అనగానే అన్నందుకు ఉలిక్కిపడ్డాడు.

"కుళ్ళినదానికి పరిహార విధానం పరిశీలనలో ఉంది," అన్నారు డైరెక్టర్ గారు. "పూర్వపు తీరంలోకి కూడా తీసుకెళ్ళొద్దమ్మా. అక్కడ పోలీసులున్నారు."

దూరంగా ఓడ కూత వినిపించింది. రేవు మీద కాకులు ఒక్కసారిగా లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వాలాయి. మా గుమ్మంలోంచి ఇళ్ళకప్పుల మీదుగా అవి స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెద్దమ్మ వాటినే చూసింది. చాలా రోజుల తర్వాత ఎదురుపడ్డ చుట్టాలను చూసినట్టు చూసింది.

తర్వాత లేచింది. చీర చెంగు నడుముకు బిగించింది. మూల ఉన్న ఈనెల చీపురు తీసి ఒక తట్టలో నిలువునా గుచ్చింది. పాతగుడ్డ చుట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని నావైపు చూసింది. నేను ఒక వైపు చెయ్యి వేశాను. తట్ట నెత్తికెక్కింది. తడిచేప నీళ్ళు ఆమె చెంపల మీదుగా కారాయి.

"అదేంటమ్మా, ఎక్కడికి? పూర్వపు తీరంలో..." అంటున్నారు డైరెక్టర్ గారు. ఆయన కోన్ ఆయన గమనించకుండానే కరిగి, పసుపు పూసిన రాయి మీద, సరిగ్గా రాసి ఉన్న చోట, చుక్కలు చుక్కలుగా పడుతోంది. భానోజీరావు గారు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆయన అప్పటికే చెప్పులు విప్పి ఉన్నాడు.

పెద్దమ్మ గడప దాటింది, రాయి దాటింది. ఒడ్డు వైపు తిరగలేదు. రేవు వైపు, తన ఇసుక ఉన్న వైపు తిరిగి వెళ్ళిపోయింది.